రెండు చేతులూ లోపల

ఫరీదాబాద్,
3 నవంబరు 2024.

పూజ్యురాలైన సునందక్కయ్యకు తమ్ముడు గోవిందరాజులు నమస్కరించి రాయునది.

ముందుగా నా తెలుగును క్షమించమని కోరుతున్నాను. నీవు జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పినదానివి. నేను నాన్న పోయిన తరువాత ఓఖ్లాలో లేతు మిషను ముందు నిలబడి, రాత్రి బడిలో హిందీలో చదివి, పట్టా చేతికి వచ్చేనాటికి తల నెరిసినవాడిని. నా వాక్యాలు రేకు మీద సుద్దతో గీసిన గీతల్లాగా ఉంటాయి. అయినా, ఇకమీదట ఫోను చేయవద్దని, చెప్పవలసినది ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టమని, రాసేటప్పుడైనా మనిషి ఒకసారి ఆలోచిస్తాడని ఆసుపత్రి గేటు దగ్గర నీవు అన్నావు. ఆ మాటను గౌరవించి రాస్తున్నాను.

మేనల్లుడు సాకేత్ కట్లు విప్పారని బావగారి ద్వారా తెలిసింది. సంతోషం.

ఆ రోజు జరిగినది జరిగినట్లుగా నీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. అక్కడ ఉన్నవాడిని గనుక నేను చెప్పాలి. నేనూ సాకేత్ కలిసి కడుతున్నది రోడ్డు మీద తిరిగే జీపు కాదు. మిలిటరీవారు అమ్మివేసిన పాత జీపు చాసిస్‌ను మాయాపురి తుక్కు బజారులో కొని, దాని మీద ఇనుప గొట్టాలతో పంజరం కట్టి, బండరాళ్ళు ఎక్కడానికి తయారు చేస్తున్న బండి. అది మనిషి నడకకన్నా నిదానంగా, చక్రం తరువాత చక్రం రాయిని తడుముకుంటూ ఎక్కుతుంది. లోపల కూర్చున్నవాడికి తన చక్రాలు కనిపించవు. బయట నిలబడినవాడు చేతులతో దారి చూపాలి, లోపలివాడు ఆ చేతులను తప్ప మరి దేనినీ చూడకూడదు. నమూనాలు కంప్యూటరులో గీసినది సాకేత్. గొట్టాలు వంచి అతికినది మా షెడ్డులోని వెల్డరు ధరంపాల్. కొలతలు నావి. నడిపేది సాకేత్, బయట నిలబడేది నేను.

ఫరీదాబాద్ దాటిన తరువాత వదిలివేసిన రాతి గని ఒకటి ఉన్నది. అందులో నడుము వంగిన ముసలిదానిలాగా ఒక పెద్ద బండ. ధరంపాల్ దానికి బుఢియా అని పేరు పెట్టాడు. సెప్టెంబరులో ఆ ఆదివారం బుఢియా నడుము దాకా బండి చక్కగా ఎక్కింది. అక్కడ ముందు చక్రాలు గాలిలోకి లేచి, బండి కుడి పక్కకు, గేదె పడుకోబోయినట్లు నిదానంగా ఒరిగింది. నేను కూడా కాలు జారి వెనక్కు పడ్డాను. లేచి చూసేసరికి అయిపోయింది. పంజరంలో ఒక్క గొట్టం వంగలేదు. పంజరం లోపల ఉన్నది ఏదీ దెబ్బ తినలేదు. బయటకు వచ్చిన కుడి చేయి మాత్రమే రాయికీ గొట్టానికీ మధ్య పడింది.

బండి ఒరిగితే రెండు చేతులూ లోపల ఉంచుకోవాలని మొదటి నియమం. స్టీరింగు ముందున్న రేకు మీద హిందీలో నేనే పెయింటుతో రాశాను. కాబట్టి లోపం బండిది కాదు. ఈ మాట నీకు కఠినంగా తోచవచ్చు. కాని కొలతకు సరిపోయిన మాట ఇదే.

పని ఆపలేదు. ఇంజనును జానెడు కిందికి దింపి, కొంచెం వెనక్కు జరుపుతున్నాను. బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడగా ఉంటుంది. సాకేత్‌కు ఓపిక వచ్చిన తరువాత ఆదివారాలు షెడ్డుకు పంపమని మనవి. చేయి లేకపోయినా కన్ను పని చేస్తుంది.

బావగారికి నమస్కారాలు. అయ్యప్ప గుడి వీధిలో తమలపాకులు ఇంకా అదే మనిషి అమ్ముతున్నాడా?

విధేయుడైన తమ్ముడు,
గోవిందరాజులు, బి.ఏ.


మయూర్ విహార్,
14 నవంబరు 2024.

చిరంజీవి గోవిందరాజులుకు,

నీ తెలుగుకి క్షమాపణ అవసరం లేదు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను, దిద్దడానికి ఏమీ దొరకలేదు. నన్ను భయపెట్టింది అదే. మేనల్లుడి వేళ్ళు మూడు పోయిన సంగతి ఒక్క అక్షరం తొణక్కుండా రాయగలిగావు. "బయటకు వచ్చిన కుడి చేయి" అట. దానికి ఓ పేరుందిరా. ఆ చేతికి నువ్వే వెండి కడియం తొడిగావు బారసాల నాడు.

వాడు ఎలా ఉన్నాడో నువ్వు అడగలేదు. కట్లు ఎలా ఉన్నాయో అడిగావు. అయినా చెబుతాను. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకుంటాడు, సగంలో విసుగొచ్చి వదిలేస్తాడు. నోయిడా ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఇంకా ఉద్యోగం ఉంది. బాల్కనీలో కూర్చుని ఒళ్ళో స్టీలు పళ్ళెం పెట్టుకుని ఇటూ అటూ తిప్పుతుంటాడు. ఆ రోజు సంగతి ఎవరడిగినా ఒకటే మాట, "మేరీ గల్తీ థీ." తప్పు నాదే, అంతే. ఆ మాట అని మొహం అటు తిప్పుకుంటాడు. రాత్రి కంచం ముందు అదే, పొద్దున కాఫీ ముందు అదే. పిల్లాడు ఎండిపోతున్నాడు.

నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఒక్క వాక్యం రాయి. లోపం బండిది, నీది కాదు, అని. నీ అక్షరాలతో రాయి. వాడికి మన భాష వినడం వచ్చు గానీ చదవడం రాదు, నేను చదివి వినిపిస్తాను. డాక్టరు చెప్పినా వినడు, నేను చెప్పినా వినడు. నువ్వు చెబితే వింటాడు. చిన్నప్పటినుంచీ వాడికి నీ మాట శిలాశాసనం, నా దురదృష్టం. అబద్ధమే అనుకో. అక్క కోసం ఒక అబద్ధం రాయి.

ఇంకో సంగతి. లోపం లేని బండికి ఇంజను కిందికి దింపడం ఎందుకురా?

మీ బావ ఒకటే నవ్వు. "ఈ ఊళ్ళో చదును రోడ్డు మీదే నడిచేవాడు కార్లను దాటిపోతుంటే, నడకకన్నా నిదానంగా పోయే బండిని కష్టపడి కట్టడం ఏమిటే" అంటాడు. నవ్వి లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు. తమలపాకులాయన పోయాడు.

అక్క,
సునంద


ఫరీదాబాద్,
1 డిసెంబరు 2024.

పూజ్యురాలైన అక్కయ్యకు,

పొగ ఎక్కువైందని మా వీధిలోని షెడ్లన్నీ మూయించారు. ఎదుటి షట్టరు కనిపించడం లేదు. ఈ తీరికలో నీ ఉత్తరానికి జాగ్రత్తగా జవాబు రాయగలుగుతున్నాను.

నీవు కోరిన వాక్యం రాయలేను. నేను కొలిచినదానిని కొలిచినట్లు చెప్పి ఈ ఊరిలో నిలబడ్డాను. పట్టా లేని రోజులలో మా ఇంజనీరు తప్పు కొలతను సరి అని చెప్పమంటే, చెప్పక ఉద్యోగం వదులుకున్నాను. ఆనాడు నాన్న ఉండి ఉంటే మెచ్చుకునేవారని నీవే అన్నావు. నా మాట శిలాశాసనమని సాకేత్ అనుకుంటున్నాడంటే, నేను దాని మీద ఎన్నడూ అబద్ధం చెక్కలేదు గనుకనే కదా.

ఇంజను ఎందుకు దింపుతున్నావని అడిగావు. మెరుగు పెట్టడం వేరు, లోపం ఒప్పుకోవడం వేరు. తరగతిలో మొదటగా వచ్చిన పిల్లకు కూడా ఇంకా బాగా రాయమని నీవు చెప్పవా? ఇంజను మాత్రమే కాదు. పట్టీల స్ప్రింగులు తీసివేసి, ఇరుసును నాలుగు కడ్డీలతో పట్టి చుట్ట స్ప్రింగుల మీద కూర్చోబెట్టాము. ఇప్పుడు ఒక చక్రం గుంటలో దిగినా మిగిలిన మూడూ రాయిని విడవవు. ముందు టైర్లలో సగం దాకా నీళ్ళు నింపించాను. ఎక్కేటప్పుడు ముక్కు లేవకుండా ఆ బరువు పట్టి ఉంచుతుంది. నవ్వవద్దని బావగారికి చెప్పు, ఇది ఎరిగినవారు చేసే పనే. సీటుకు రెండు పక్కలా వల కట్టాను. మణికట్లకు బెల్టులు కుట్టించి సీటుకు తగిలించాను. చేయి స్టీరింగు దాకా పోతుంది, పంజరం దాటి పోదు. ఎవరు చాపినా పోదు.

ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తిప్పుతున్నాడని రాశావు. ఆ వాక్యం చదివి నేను కుర్చీలోనుంచి లేచి నిలబడ్డాను. చేతులు స్టీరింగును మరచిపోలేదన్నమాట. వాడి మనసు నీకు చెప్పకపోయినా పళ్ళేనికి చెబుతున్నది. అందుకే లేతు మీద స్వయంగా శీశం కర్రతో ఒక పిడి చేశాను. స్టీరింగుకు బిగిస్తే, బొటనవేలూ చూపుడువేలూ చాలు, పూర్తి చుట్టు తిప్పవచ్చు. ధరంపాల్ చేత పంపుతున్నాను. వాడి చేతి కొలత నాకు కంఠతా ఉన్నది.

ఈ కింది మాటలు సాకేత్‌కు చదివి వినిపించు: "నాయనా, నీవు చేసినది తప్పు. తప్పు తనదని ఒప్పుకున్నవాడు సగం డ్రైవరు అయినట్లే. మిగిలిన సగం బండి చూసుకుంటుంది. సీటు నీ కొలతకే ఉన్నది. రా."

విధేయుడు,
గోవిందరాజులు, బి.ఏ.


మయూర్ విహార్,
8 డిసెంబరు 2024.

గోవిందరాజులుకు,

పళ్ళెం తిప్పమన్నది ఫిజియోథెరపీ అమ్మాయి. మణికట్టు బిగుసుకుపోకుండా. రోజూ రెండు పూటలా.

నీ పిడి అందింది. ధరంపాల్ పాపం గుమ్మం దాటి లోపలికి రానన్నాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు. సాకేత్ కాగితం విప్పి దాన్ని పట్టుకున్నాడు. అతికినట్టు సరిపోయింది, అంత బాగా చేశావు. మిగిలిన రెండు వేళ్ళకి సరిగ్గా సరిపోయేటట్టు. దాన్ని అలాగే టీవీ పక్కన పెట్టి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. నీళ్ళ చప్పుడులో వాడు ఏం చేస్తున్నాడో మాకు వినబడకూడదని. వినబడింది.

కొలత నీకు కంఠతా ఉందన్నావు. మాకు రోజూ కళ్ళముందే ఉంది. ఇంకేమీ పంపకు.

సునంద


ఫరీదాబాద్,
19 జనవరి 2025.

పూజ్యురాలైన అక్కయ్యకు,

పిడి విషయంలో నేను పొరపడ్డానని గ్రహించాను. అది ముందే పంపవలసిన వస్తువు కాదు. బండి నిరూపణ అయిన తరువాత పంపవలసినది. వరుస తప్పింది. ఆ వరుసను ఇప్పుడు సరిదిద్దాను, అందుకే ఈ ఉత్తరం.

ఈ రోజు ఉదయం పొగమంచు విడిచిన తరువాత బండిని ట్రాలీ మీద ఎక్కించి గనికి తీసుకుపోయాము. సీటులో నేను కూర్చున్నాను. సీటు సాకేత్ కొలతకు ఉన్నది గనుక నా మోకాళ్ళు స్టీరింగు కడ్డీకి తగిలాయి. మార్చలేదు. అన్నీ ఆనాడు ఉన్నట్లే ఉండాలి, లేకపోతే పరీక్ష పరీక్ష కాదు. బయట నిలబడినది ధరంపాల్. వాడు ఎన్నడూ లేనంత దూరంగా, బండకు ఎగువ పక్కన నిలబడ్డాడు. దగ్గరకు రమ్మని అరిచాను. "యహీం సే ఠీక్ హై, మాలిక్" అన్నాడు. ఇక్కడినుంచే బాగుందట. భయస్తుడు.

టైర్లలో గాలి బాగా తగ్గించాము. మెత్తబడిన టైరు రాయిని పిండిముద్దలాగా పట్టుకుంటుంది. అన్నిటికన్నా చిన్న గేరులో వేసి, యాక్సిలేటరు మీద కాలు పెట్టకుండా వదిలాను. అక్కయ్యా, ఆ బండి పాకుతుంటే చూడవలసినది. ముందు కుడి చక్రం బుఢియా మోకాలిని వెతికి పట్టుకున్నది. ఎడమ చక్రం గుంటలోకి దిగి, కడ్డీలు తిరిగి, మళ్ళీ పైకి వచ్చింది. ఇంజను గొంతు మారలేదు. ధరంపాల్ అరచేయి ఎటు తిరిగితే అటు తిప్పాను. నడుము దగ్గరకు వచ్చేసరికి ముక్కు లేవబోయింది. నీళ్ళ బరువు దానిని అక్కడే ఆపింది. క్షణంసేపు బండి కుడి పక్కకు తూగింది. నేను ఏదీ దాచను గనుక ఇది కూడా రాస్తున్నాను: ఆ క్షణంలో నా కుడి చేయి నేను చెప్పకుండానే లేచింది. మణికట్టు బెల్టు దానిని ఆపింది. బెల్టు కుట్టు బలంగా ఉన్నది.

తరువాత నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. బుఢియా తల మీద బండిని నిలబెట్టి ఇంజను ఆపాను. దూరంగా నెమళ్ళు అరుస్తున్నాయి. ధరంపాల్ చప్పట్లు కొడతాడనుకున్నాను. వాడు రాయి మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

కాబట్టి ఇక వాదన లేదు. బండి ఎక్కగలదు. ఎక్కినది. లోపం బండిది కాదని ఇంతకాలం మాటతో చెప్పాను, నేడు రాయి మీద చూపించాను. ఈ సంగతి సాకేత్‌కు ఉన్నది ఉన్నట్లుగా చదివి వినిపించమని కోరుతున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో స్పష్టంగా తెలిసిన మనిషి మళ్ళీ నిలబడతాడు. ఎక్కడో తెలియని మనిషి జీవితమంతా తడుముకుంటాడు. నేను వాడిని నిలబెట్టడానికే చూస్తున్నాను, పడవేయడానికి కాదు. నీవు నమ్మాలి.

విధేయుడు,
గోవిందరాజులు, బి.ఏ.


మయూర్ విహార్,
27 జనవరి 2025.

గోవిందరాజులుకు,

నిన్న పరేడు విమానాలు మా మేడ మీదుగా పోయాయి. కింద పిల్లలు కేకలు వేస్తుంటే సాకేత్ కూడా బాల్కనీలోకి వచ్చి చూశాడు. మొహంలో కాస్త వెలుగు కనిపించింది. ఇదే సమయమనుకుని నీ ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టాను.

నువ్వు రాసింది చదవలేదు. పోయినసారి "నాయనా, నీవు చేసినది తప్పు" అని రాసి పంపావే, అదీ చదవలేదు. మామయ్య కులాసాగా ఉన్నాడట, నిన్ను అడిగాడట, అని ఊరుకున్నాను. ఈసారి ధైర్యం చేసి మొత్తం మార్చేశాను. కాగితం చేతిలో పట్టుకుని, కళ్ళు దాని మీదే పెట్టి, నోటితో నా కథ చెప్పాను. మామయ్య తనే బండి ఎక్కాడు, అది మళ్ళీ అక్కడే బోల్తా పడింది, మామయ్యకేమీ కాలేదు గానీ, "లోపం బండిదేనని నేడు ఒప్పుకుంటున్నాను" అని రాశాడు, అన్నాను. నీలాగే గట్టిగా, మెట్టు మెట్టుగా చదివాను. ముప్పై ఏళ్ళు పద్యాలు చదివిన గొంతు కదా, వణకలేదు.

వాడు నవ్వాడురా. సెప్టెంబరు తర్వాత మొదటిసారి నవ్వాడు.

"మామయ్య అలా రాయడమ్మా" అన్నాడు. "బండి కింద పడి ఉన్నా సరే, బండి బాగానే ఉందనే అంటాడు. యే సబ్ తుమ్‌నే బనాయా హై."

నేనే అల్లానని వాడికి తెలిసిపోయింది. కాగితం మడిచేశాను. ఇంక నటించే ఓపిక లేక నిజం అడిగాను. ఆ రోజు చెయ్యి ఎందుకు బయట పెట్టావురా అని. బాల్కనీ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. వాడు చెప్పినట్టే రాస్తున్నాను, ఈసారి ఏమీ మార్చలేదు.

"చేతులు లోపలే పెట్టుకున్నానమ్మా. బండి ఒరుగుతుంటే మామయ్య నన్ను పట్టుకుందామని పరిగెత్తుకొచ్చాడు. ఏ పక్కకి రాకూడదని ఆయనే రూలు పెట్టాడో ఆ పక్కకే. బండి ఆయన మీదికే వస్తోంది. నెట్టేశాను. బస్."

నువ్వు కాలు జారి వెనక్కి పడ్డానని రాశావు. నువ్వు జారలేదురా.

వెంటనే నీకు చెప్పనని నా చేయి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. "మామయ్యకి మత్ బతానా. రూలు రాసింది ఆయన. రూలు తప్పింది కూడా ఆయనేనని తెలిస్తే టూట్ జాయేంగే" అన్నాడు. విరిగిపోతావట నువ్వు. నువ్వు విరిగిపోకుండా వాడు ఇన్నాళ్ళూ తప్పు తనదని చెప్పుకు తిరిగాడు. నువ్వేమో ఆ తప్పుని పట్టుకుని, దానికి మెరుగు పెట్టి, పిడి చేసి పంపావు.

ఒట్టు వేశాను. ఈ ఉత్తరంతో తప్పుతున్నాను. తెలిసే తప్పుతున్నాను. నిన్ను విరగనివ్వకూడదని వాడికుంది, నాకు లేదు. నీకు తెలియాలి. ప్రతి పొద్దునా లేచి షేవింగు చేసుకునేటప్పుడు, ఆ మొహం ఎవరి వేళ్ళ వల్ల అద్దంలో కనబడుతోందో నీకు తెలియాలి.

కొలతల మనిషివి కదా. ఇది కొలుచుకో.

సునంద


ఫరీదాబాద్,
9 ఫిబ్రవరి 2025.

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ ఉత్తరం అందిన మరునాడు ధరంపాల్‌ను పిలిచి అడిగాను. వాడు మొదట గొట్టాలు సర్దుతూ వినిపించనట్లు నటించాడు. మళ్ళీ అడిగితే, "దౌడే తో ఆప్ హీ థే, మాలిక్" అన్నాడు. పరుగెత్తినది నేనేనట. బండి నా మీదకు వస్తుండగా లోపలనుంచి చేయి వచ్చి నా ఛాతీని తోసిందట. వాడు ఎగువన ఉండి అంతా చూశాడు. ఆసుపత్రికి పోయే దారిలో, రక్తం గుడ్డలో కారుతుండగానే, సాకేత్ వాడి చేత కూడా ఒట్టు వేయించుకున్నాడట. మరి నాకు ఇంతకాలం ఎందుకు చెప్పలేదురా అంటే, "ఆప్ సున్‌తే కహాం హైం" అన్నాడు. తమరు వినే మనిషి ఎక్కడ, అని. కూలి మనిషి నాతో అన్న మాట ఇది.

పరుగెత్తినట్లు నాకు జ్ఞాపకం లేదు. ఎంత వెతికినా లేదు. నాకు జ్ఞాపకం లేనిదానిని నేను చూసినట్లు రాయను. కాని నాకు నీవూ, ధరంపాలూ వేరు వేరుగా ఒకే మాట చెప్పారు గనుక అది జరిగినదని స్వీకరిస్తున్నాను. నీ కోరిక నెరవేరింది. తెలిసింది. దీని గురించి ఇంతకంటే రాయను.

ఇక చేయవలసిన పని గురించి. నేను మీ ఇంటికి వచ్చి, మేనల్లుడి ముందు తల వంచి నిలబడతానని నీవు ఎదురుచూస్తూ ఉండవచ్చు. మొన్న మెట్రో ఎక్కి మీ స్టేషను దాకా వచ్చాను కూడా. మెట్లు దిగి, అయ్యప్ప గుడి మలుపు దగ్గర ఆగి ఆలోచించాను. వాడు తన తల్లి ముందు, ఆఫీసు ముందు, తన అన్నం ముందు తప్పు మోసినది నేను తల వంచకూడదనే. నేను వచ్చి తల వంచితే, వాడు నా కోసం దాచి ఉంచిన ఒకే ఒక్క వస్తువును వాడి కళ్ళ ముందే పగలగొట్టినట్లు అవుతుంది. పైగా తన తల్లి ఒట్టు తప్పినదని వాడికి తెలుస్తుంది. చేయి పోయిన పిల్లవాడికి తల్లి మాట కూడా పోకూడదు. వెనక్కు తిరిగి వచ్చాను.

అక్కయ్యా, నేను మెత్తబడి ఒక్క వాక్యం రాసినా వాడు పసిగట్టగలడు. నీవు అల్లిన ఉత్తరాన్ని విని నవ్వినవాడు. మామయ్య ఇలా రాయడు, ఎవరో చెప్పి ఉంటారు అనుకుంటాడు. ఎవరు చెప్పారో ఆలోచించడానికి వాడికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి నేను ఇంతకాలం ఎలా రాశానో ఇకముందు కూడా అలాగే రాయాలి. ఏ మనిషిని కాపాడటానికి వాడు చేయి చాపాడో, నేను ఆ మనిషిగానే ఉండాలి. ఇది నాకు సులభమని నీవు అనుకుంటావు. అనుకో.

రెండవ కాగితం మీద ఇలా రాసి పెట్టాను. నీవు ముందుగా చదువుకోవడం కోసం ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను.

"చిరంజీవి సాకేత్‌కు మామయ్య ఆశీర్వదించి రాయునది. మీ అమ్మ నా ఉత్తరాలను మార్చి చదివినట్లు తానే ఒప్పుకుంటూ రాసింది. బండి బోల్తా పడలేదు. బుఢియా తల మీద నిలబడింది. లోపం బండిది కాదు. రెండు చేతులూ లోపల ఉంచుకోవాలని రాసి ఉన్నా బయట పెట్టినది నీవు. చదువుకున్నవాడివి, నియమం పాటించలేదు. నియమం పాటించనివాడిని నేను బండిలో కూర్చోబెట్టను. నీ కొలతకు కట్టిన సీటును ఈ రోజు కోసివేశాను. ఇక మీదట షెడ్డుకు రానవసరం లేదు. నీ ఆఫీసు పని నీవు చూసుకో."

సీటు కోసివేసిన మాట నిజం. గ్యాసు మంటతో నేనే కోశాను. నేను మళ్ళీ రమ్మని పిలుస్తానని ఇక వాడు భయపడనవసరం లేదు. నన్ను తిట్టుకోవడానికి వాడికి ఒక సరైన కారణం కూడా దొరుకుతుంది. కోపం వచ్చినవాడు అన్నం తింటాడు. ఈ ఒక్క సంగతి నేను పుస్తకాలలో చదవలేదు.

నీవు నీ కొడుకుకు ఇచ్చిన మాట తప్పి నాకు నిజం రాశావు. ఆ నిజాన్ని లోపల పెట్టుకుని ఈ కాగితాన్ని పైకి చదవవలసినది కూడా నీవే, ఎందుకంటే వాడికి మన అక్షరాలు రావు. నీవు వేసిన శిక్షకు ఇది ఎదురు శిక్ష అనుకోవద్దు. మరొకరు చేయగలిగిన పని కాదు.

ఈ మొదటి కాగితాన్ని నీ తరువాత ఎవరూ చదవకూడదు, బావగారు కూడా. రెండవ కాగితాన్ని బావగారిని కూర్చోబెట్టి, సాకేత్‌ను ఎదురుగా పెట్టుకుని, నీవు పైకి చదవాలి. ఒక్క మాట మార్చవద్దు, మధ్యలో ఆపవద్దు. చదివిన తరువాత దానిని సాకేత్ చేతికి ఇవ్వు.

విధేయుడైన తమ్ముడు,
గోవిందరాజులు, బి.ఏ.